పక్షవాతం వార్డులో గురకను ఎవరు పరీక్షిస్తున్నారు?

సంపాదకులకు నమస్కారం.

ఏటా అక్టోబరు 29న ప్రపంచ పక్షవాత దినం వచ్చినప్పుడల్లా తెలుగు పత్రికల్లో మంచి కథనాలు వస్తున్నాయి. మూతి వంకరపోయినా, చెయ్యి పైకి లేవకపోయినా, మాట ముద్దగా వచ్చినా క్షణం ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయాలనీ, మెదడులో రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్‌కు నాలుగున్నర గంటల గడువు ఉంటుందనీ ఇప్పుడు హైదరాబాద్‌లో చాలామందికి తెలుసు. అందులో పత్రికల పాత్ర తక్కువది కాదు. అయితే సకాలంలో ఆసుపత్రికి చేరి, ప్రాణగండం తప్పించుకున్న మనిషి ఆ తరువాత రాత్రిపూట ఎలా ఊపిరి తీసుకుంటున్నాడన్న సంగతి ఈ కథనాల్లో కనిపించదు. నేను చూసినంతలో చాలా ఆసుపత్రుల కేస్ షీట్లలోనూ కనిపించదు. ఈఎన్‌టీ వైద్యుడిగా ఈ నగరంలోనే పనిచేసి పదవీ విరమణ చేసిన నేను ఈ లేఖ రాయడానికి కారణం అదే.

నిద్రలో ఊపిరి పదే పదే ఆగిపోయే జబ్బును స్లీప్ ఆప్నియా అంటారు. కనీసం 10 సెకన్ల పాటు గాలి ఆగితే దాన్ని ఆప్నియాగా, పూర్తిగా ఆగకుండా బాగా తగ్గిపోయి, దానివల్ల రక్తంలో ఆక్సిజన్ పడిపోవడమో నిద్ర చెదరడమో జరిగితే హైపాప్నియాగా లెక్కిస్తారు. గంటకు ఈ రెండూ కలిపి ఎన్నిసార్లు వస్తున్నాయో చెప్పే సంఖ్యే ఏహెచ్ఐ. అది 5 లోపు ఉంటే మామూలు. 15 దాటితే మధ్యస్థం. 30 దాటితే తీవ్రం. పక్షవాతం వచ్చినవారి మీద వివిధ దేశాల్లో జరిగిన అధ్యయనాలను కలిపి చూసినప్పుడు పదిమందిలో దాదాపు ఏడుగురికి ఈ సంఖ్య 5 దాటింది. అంటే న్యూరో వార్డులో ఈ జబ్బు ఉన్నవారే ఎక్కువమంది, లేనివారు తక్కువమంది. అయినా అక్కడ బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ చూసినంత శ్రద్ధగా నిద్రను చూడటం లేదు.

ఈ జబ్బు పక్షవాతానికి కారణమూ కావచ్చు, దాని పర్యవసానమూ కావచ్చు. 2005లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన ఒక అధ్యయనం వెయ్యిమందికి పైగా రోగులను కొన్నేళ్ల పాటు గమనించి, వయసు, బీపీ, మధుమేహం, పొగతాగడం వంటివాటి ప్రభావాన్ని లెక్కలోంచి తీసివేశాక కూడా, నిద్రలో గొంతు మూసుకుపోయేవారికి పక్షవాతం రావడమో మరణం సంభవించడమో జరిగే ముప్పు దాదాపు రెట్టింపని తేల్చింది. గొంతు మూసుకున్న ప్రతిసారీ ఛాతీ లోపలికి గుంజుతూనే ఉంటుంది, గాలి మాత్రం రాదు. ఆక్సిజన్ తగ్గుతుంది, బొగ్గుపులుసు వాయువు పెరుగుతుంది, చివరికి మెదడు ఉలిక్కిపడి గొంతు తెరిపించే క్షణంలో బీపీ ఒక్కసారిగా పైకి ఎగబాకుతుంది. రాత్రంతా వందల సార్లు ఇలా జరిగితే ఆరోగ్యవంతుడికే నష్టం. రక్తం సరిగా అందక, చావక బతకక ఉన్న మెదడు భాగం చుట్టూ ఇదే జరిగితే ఆ భాగం తేరుకుంటుందా, పోతుందా అన్నది ఆ రాత్రుల మీద కూడా ఆధారపడుతుంది.

వార్డులో ఉదయం రౌండ్‌కు వెళ్లి రాత్రి ఎలా పడుకున్నారని అడిగితే భార్యో కొడుకో సంతోషంగా చెప్పే జవాబు ఒకటుంది. "మంచిగ పండుకుండు సార్, గురకలు కూడా పెట్టిండు." గురక అంటే గాఢనిద్ర అన్న నమ్మకం మన ఇళ్లలో ఎంత బలంగా ఉందంటే, దాన్ని ఫిర్యాదుగా చెప్పేవారిని నేను పక్షవాతం వార్డులో దాదాపు చూడలేదు. ఇక వైద్యుల చేతిలో ఉన్న ప్రశ్నావళులు కూడా ఇక్కడ అంతగా పనికిరావు. పగటి మగతను కొలిచే ఎప్‌వర్త్ స్కేలును 1991లో ఆస్ట్రేలియాలో తయారుచేశారు. టీవీ చూస్తుండగా, కారులో ప్రయాణిస్తుండగా కునుకు పడుతుందా అని అది అడుగుతుంది. మంచం దిగలేని మనిషిని కారు ప్రయాణం గురించి అడిగి ఏం లాభం? మాట పడిపోయినవారు అసలు జవాబే చెప్పలేరు. పైగా స్లీప్ ఆప్నియా ఉన్న పక్షవాత రోగులు మిగతా ఆప్నియా రోగుల్లా లావుగా ఉండకపోవచ్చు, పగటి మగత గురించి చెప్పకపోవచ్చు. టొరంటోలో ఆపరేషన్‌కు ముందు స్లీప్ ఆప్నియా ఉన్న రోగులను వడపోయడానికి రూపొందించిన స్టాప్‌బ్యాంగ్ ప్రశ్నలు మన ఆసుపత్రుల్లోనూ వాడుకలో ఉన్నాయి. వాటిలో మార్కులు తక్కువ వచ్చాయి కాబట్టి జబ్బు లేదని పక్షవాతం వార్డులో అనుకుంటే పొరపాటు.

ఇక్కడ ఒక విషయం స్పష్టంగా వేరుచేయాలి. ఊపిరి ఆగడంలో రెండు రకాలున్నాయి. ఒకదానిలో మెదడు ఆజ్ఞ ఇస్తూనే ఉంటుంది, ఛాతీ కదులుతూనే ఉంటుంది, గొంతు మాత్రం మూసుకుపోతుంది. రెండోదానిలో మెదడు నుంచే ఆజ్ఞ రాదు. గొంతు తెరిచే ఉన్నా ఛాతీ కదలదు. పక్షవాతంలోనూ గుండె బలహీనతలోనూ కనిపించే చెయిన్-స్టోక్స్ శ్వాస ఈ రెండో కోవలోకి వస్తుంది; ఊపిరి క్రమంగా పెరిగి, క్రమంగా తగ్గి, కాసేపు పూర్తిగా ఆగి, మళ్లీ మొదలవుతుంది. దాన్ని 19వ శతాబ్దంలోనే డబ్లిన్ వైద్యులు వర్ణించారు. పక్షవాతం వస్తే మెదడు దెబ్బతింది కాబట్టి ఊపిరి ఆగడం కూడా మెదడు వల్లే అయి ఉంటుందని చాలామంది, వైద్యవిద్యార్థులు కూడా, అనుకుంటారు. వాస్తవం అందుకు విరుద్ధం. పక్షవాత రోగుల్లో ఎక్కువమందిది గొంతు మూసుకుపోయే రకమే. 2000లో స్పెయిన్ నుంచి వచ్చిన ఒక అధ్యయనంలో 161 మంది రోగులను తొలి రోజుల్లో ఒకసారి, వారిలో 86 మందిని మూడు నెలల తరువాత మరోసారి పరీక్షించారు. మెదడు వల్ల ఊపిరి ఆగడం మూడు నెలలకు బాగా తగ్గింది. గొంతు మూసుకుపోవడం మాత్రం దాదాపు అలాగే మిగిలింది. చాలామందికి అది పక్షవాతానికి ముందు నుంచే ఉందనడానికి ఇది ఒక ఆధారం. అంటే ఆ గొంతును చూడవలసినవాడు ఒకడు, ఏళ్ల తరబడి, ఎక్కడో తప్పిపోయాడన్న మాట. ఆ బాధ్యత నా వృత్తిది కూడా.

గొంతు ఎందుకు మూసుకుపోతుంది? ముక్కు వెనక నుంచి స్వరపేటిక దాకా ఉన్న దారికి చుట్టూ ఎముక గట్టు లేదు. మెత్తని అంగిలి, పక్కగోడలు, నాలుక మొదలు, స్వరపేటిక మీది మూత, ఇవన్నీ కండరాల బిగువు మీదే తెరుచుకుని ఉంటాయి. నిద్రలో ఆ బిగువు అందరికీ సడలుతుంది. దవడ చిన్నదై వెనక్కి ఉన్నవారికి, మెడలో కొవ్వు చేరినవారికి, టాన్సిల్స్ పెద్దవైనవారికి ఆ సడలింపే చాలు. పక్షవాతం దీనికి తోడైతే నాలుక, అంగిలి ఒక పక్క బలహీనపడతాయి. నాడులు మొదలయ్యే మెదడు కాండంలోనే దెబ్బ తగిలితే పరిస్థితి మరింత గడ్డు. అక్కడ స్ట్రోక్ వచ్చినవారిలో ఈ జబ్బు ఎక్కువగా కనిపించిన అధ్యయనాలున్నాయి. వీటన్నిటికీ తోడు రోగి వెల్లకిలా పడుకునే ఉంటాడు. ఒక పక్క కాలు చెయ్యి పడిపోయినవాడు నిద్రలో తనంతట తాను పక్కకు తిరగలేడు కదా. వెల్లకిలా ఉన్నప్పుడు నాలుక వెనక్కి జారడం అందరికీ తెలిసిందే. ఆహారం పంపడానికి ముక్కులోంచి వేసిన రైల్స్ ట్యూబు ఒక రంధ్రాన్ని సగం మూసేస్తే రోగి నోటితో ఊపిరి తీసుకుంటాడు, నోరు తెరిస్తే దవడ, నాలుక ఇంకాస్త వెనక్కి వెళతాయి. 2002లో బ్రిటన్‌లో తొలి 24 గంటల్లోనే రోగులను పరీక్షించిన వైద్యులు గొంతు అడ్డును ముందుగా సూచించే అంశాల్లో శరీర బరువు, మెడ చుట్టుకొలత ముఖ్యమైనవని గుర్తించారు. కొలతకు కావలసింది దర్జీ దగ్గర ఉండే టేపు. అది కూడా లేని వార్డు ఉండదు. తీసి కొలిచేవారే లేరు.

ఇక పరీక్ష సంగతి. నోరు తెరిపించి గొంతులో ఎంత ఖాళీ ఉందో చూసి అంచనా వేసే పద్ధతిని ప్రపంచానికి ఇచ్చినది తెలుగువాడే. గుంటూరు మెడికల్ కాలేజీలో చదివి, బోస్టన్‌లో మత్తు వైద్యుడిగా పనిచేసిన డాక్టర్ మల్లంపాటి శేషగిరిరావు 1985లో ప్రచురించిన ఆ పద్ధతి ఇప్పటికీ ఆపరేషన్ థియేటర్లలో ఆయన పేరుతోనే నడుస్తోంది. రోగిని కూర్చోబెట్టి, నోరు పూర్తిగా తెరిపించి, నాలుక బయటికి చాపమని, ఎదురుగా కూర్చుని చూడాలి. కొండనాలుక, దాని రెండు పక్కల గోడలు మొత్తం కనిపిస్తే మొదటి తరగతి. గట్టి అంగిలి తప్ప ఏమీ కనిపించకపోతే, తరువాత వచ్చిన సవరణ ప్రకారం, నాలుగో తరగతి. మత్తు ఇచ్చేటప్పుడు గొట్టం వేయడం ఎంత కష్టమో ముందుగా ఊహించడానికి ఆయన దీన్ని రూపొందించారు. తరువాత 2006లో వచ్చిన ఒక అధ్యయనం, ఇందులో ఒక్కో తరగతి పెరిగేకొద్దీ స్లీప్ ఆప్నియా ఉండే అవకాశం రెట్టింపుకు మించి పెరుగుతుందని చూపింది. ఖర్చు లేదు, యంత్రం లేదు, టార్చిలైటు చాలు.

కానీ పక్షవాతం వచ్చినవారి విషయంలో ఈ సులభమైన పరీక్ష కూడా తిప్పలు పెడుతుంది. కూర్చోలేనివారు, చెప్పింది అర్థం చేసుకోలేనివారు, అర్థమైనా నాలుకను చెప్పినట్టు కదిలించలేనివారు ఉంటారు. నాలుక చాపితే బలహీనమైన పక్కకు ఒరుగుతుంది. అంగిలి ఒక పక్క వేలాడి, కొండనాలుక పక్కకు జరిగి ఉంటుంది. ఇలాంటి రోగిని పడుకోబెట్టే చూసి మూడో తరగతి అని రాసేస్తే ఆ అంకె మల్లంపాటి గారి అంకె కాదు. నాలుకను లోపలే ఉంచి చూసే పద్ధతిని చికాగోకు చెందిన ఫ్రీడ్‌మన్ 1999లో సూచించారు. పక్షవాత రోగులకు అది కొంత నయం. ఏ పద్ధతిలో చూసినా, రోగి కూర్చున్నాడా పడుకున్నాడా, నాలుక చాపాడా లేదా, ఏ పక్క బలహీనత ఉంది అన్నవి అంకె పక్కనే రాయాలి. వారం తరువాత చూసే వైద్యుడికి అంకె కన్నా ఈ మాటలే ఎక్కువ ఉపయోగపడతాయి. దీనితో పాటు ముక్కు దూలం వంకరగా ఉందా, లోపల పాలిప్స్ ఉన్నాయా, టాన్సిల్స్ ఎంత ఉన్నాయి, దవడ వెనక్కి ఉందా, పళ్ల సెట్టు తీసేశాక నోరు ఎలా ఉంది అన్నవి ఐదు నిమిషాల్లో చూడవచ్చు. పళ్ల సెట్టు మాట ఎందుకంటే, ఆసుపత్రిలో చేరగానే దాన్ని తీసి ఇంటివారికి ఇచ్చేస్తారు, ఆ తరువాత దాని ఊసే ఎవరూ ఎత్తరు. పళ్లు లేని నోరు మూసుకున్నప్పుడు నాలుకకు చోటు మారుతుంది.

నేను గట్టిగా చెప్పదలచుకున్నది దీని తరువాతి మెట్టు గురించి. పక్షవాతం వచ్చినవారికి మింగడం కష్టమైతే, ముద్ద ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుందన్న భయంతో, ముక్కులోంచి సన్నని ఎండోస్కోపు పంపి మింగుడును పరీక్షించే పద్ధతి ఉంది. 1988లో తొలిసారి ప్రచురితమై, ఇప్పుడు ప్రపంచమంతటా వాడుకలో ఉన్న ఈ పరీక్షను హైదరాబాద్‌లోనూ చాలాచోట్ల చేస్తున్నారు. ఆ స్కోపు ముక్కులోంచి అంగిలి వెనకగా, నాలుక మొదలు మీదుగా, స్వరపేటిక దాకా వెళుతుంది. అంటే గొంతు మూసుకునే చోట్లన్నిటినీ దాటుకుంటూనే వెళుతుంది. పరీక్ష చేసేవారి దృష్టి మాత్రం ముద్ద ఎటు పోతోందన్న దాని మీదే ఉంటుంది; రిపోర్టులో దారి ఎక్కడ ఇరుకుగా ఉందో ఒక్క వాక్యం ఉండదు. అదే స్కోపుతో, అదే కూర్చోబెట్టడంలో, రోగికి అదనపు ఇబ్బంది గానీ అదనపు ఖర్చు గానీ లేకుండా, అంగిలి వెనక ఖాళీ, పక్కగోడలు, నాలుక మొదలు, స్వరపేటిక మూత, ఈ నాలుగు చోట్లా కనిపించినది రాయించాలి. వీలైతే తల వంచినప్పుడూ, తల కాస్త పక్కకు తిప్పినప్పుడూ దారి తెరుచుకుంటుందా అన్నది కూడా చూడాలి. పక్కకు తిప్పి పడుకోబెడితే ఫలితం ఉంటుందో లేదో దానివల్ల కొంత తెలుస్తుంది. గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇచ్చిన తొలి 24 గంటల్లో ముక్కులోంచి ఏదీ పంపకపోవడమే మంచిదన్న జాగ్రత్త మాత్రం మరిచిపోకూడదు.

మేలుకొని ఉన్నప్పుడు చూసిన గొంతు నిద్రలో ఉండే గొంతు కాదు. ఈ అభ్యంతరం న్యాయమైనదే. అందుకే లండన్ వైద్యులు 1991లో, రోగికి కొద్దిగా మత్తు ఇచ్చి కృత్రిమ నిద్రలో స్కోపు వేసి చూసే పద్ధతిని మొదలుపెట్టారు. అందులో కనిపించినదాన్ని పైన చెప్పిన నాలుగు చోట్ల వారీగా నమోదు చేసే వోట్ వర్గీకరణ 2011లో వచ్చింది. ఆపరేషన్ ఆలోచన ఉన్నప్పుడు ఇది విలువైన పరీక్షే. కానీ పక్షవాతం వచ్చిన తొలి వారాల్లో దీన్ని చేయడాన్ని నేను సమర్థించను. మత్తులో బీపీ పడిపోతే దెబ్బతిన్న మెదడు తట్టుకోలేదు, మింగలేని రోగికి లాలాజలం ఊపిరితిత్తుల్లోకి జారవచ్చు, రక్తం పలచబడే మందులు ఆపడం ప్రమాదం. గురకకు సంపూర్ణ పరీక్ష అంటూ మత్తు పరీక్షను, స్కానింగును, ఆపరేషన్‌ను ఒకే ప్యాకేజీగా కట్టి అమ్మే ప్రకటనలు నగరంలో కనిపిస్తున్నాయి. పక్షవాతం వచ్చి కొద్దికాలమే అయిన వ్యక్తి కుటుంబం అటువంటి ప్యాకేజీకి డబ్బు కట్టే ముందు తమ న్యూరాలజిస్టును అడగాలి.

స్కానింగు విషయంలో మన చేతిలో ఉన్నదాన్నే మనం వాడుకోవడం లేదు. పెద్ద రక్తనాళం మూసుకుపోయిందన్న అనుమానంతో తీసే సీటీ యాంజియోగ్రామ్ గుండె పైభాగం నుంచి నడినెత్తి దాకా ఉంటుంది. మెడ మొత్తం అందులో ఉంటుంది. అంగిలి వెనక గాలిదారి ఎంత సన్నగా ఉంది, నాలుక మొదలు ఎంత వెనక్కి ఉంది అన్నవి రేడియాలజిస్టు తలుచుకుంటే అదే ఫిల్ముల్లో చూసి రాయగలరు. అది రోగ నిర్ధారణ కాదు, ఒక సూచన మాత్రమే. అయినా ఎవరికి ముందుగా నిద్ర పరీక్ష చేయాలో తేల్చుకోవడానికి ఆ ఒక్క వాక్యం పనికొస్తుంది.

ఇంత చూసినా గొంతు నిజంగా ఎన్నిసార్లు మూసుకుంటోందో తేల్చేది నిద్ర పరీక్షే. మెదడు తరంగాలు, కళ్ల కదలిక, ముక్కు గాలి, ఛాతీ పొట్ట కదలికలు, ఆక్సిజన్, గుండె లయ, అన్నీ ఒకే రాత్రి నమోదు చేసే పూర్తి పరీక్ష ఉత్తమం. అమెరికా నిద్ర వైద్యుల సంఘం 2017లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా, పక్షవాతం వచ్చినవారికి ఇంట్లో చేసే చిన్న పరీక్ష కన్నా ప్రయోగశాలలో చేసే ఈ పూర్తి పరీక్షే మంచిదంటాయి. మాట నిజమే. కానీ మన దగ్గర ఆ మాటకు కట్టుబడితే వందమందిలో ఎందరికి పరీక్ష జరుగుతుంది? చిన్న పోర్టబుల్ యంత్రంలో ముక్కు గాలినీ, ఛాతీ పట్టీలనూ, ఆక్సిజన్‌నూ కలిపి చూస్తే గొంతు రకమా, మెదడు రకమా అన్నది చాలావరకు తెలుస్తుంది. దాన్ని వార్డులోనే మంచం దగ్గర పెట్టవచ్చు, నర్సు కళ్ల ముందే జరుగుతుంది కాబట్టి అది ఇంటి పరీక్ష కూడా కాదు. వేలికి పెట్టే ఆక్సిమీటరు ఒక్కదానితో సరిపెట్టడం మాత్రం తగదు. ఆక్సిజన్ పడిపోతోందని అది చెబుతుంది గానీ, ఎందుకు పడిపోతోందో చెప్పలేదు. గొంతు మూసుకున్నా, న్యుమోనియా వచ్చినా, కఫం అడ్డుపడినా దానికి ఒకటే. కోవిడ్ రోజుల్లో ప్రతి ఇంటికీ చేరిన ఆ పరికరం మీద మనకు కాస్త అతి నమ్మకం ఏర్పడింది.

చికిత్స గురించి కూడా నిజాయితీగా చెప్పాలి. ముక్కుకు మాస్కు పెట్టి గాలి ఒత్తిడితో గొంతును తెరిచి ఉంచే సీప్యాప్ యంత్రాన్ని 1981లో సిడ్నీలో కోలిన్ సలివన్ ప్రవేశపెట్టారు. అది గొంతు మూసుకోవడాన్ని ఆపుతుందనడంలో సందేహం లేదు. అయితే 2016లో ప్రచురితమైన సేవ్ అనే పెద్ద అధ్యయనంలో, గుండె జబ్బో పక్షవాతమో ఉన్న 2,717 మందిలో సీప్యాప్ ఇచ్చినవారికీ ఇవ్వనివారికీ మళ్లీ గుండెపోటు, పక్షవాతం రావడంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. వాళ్లు దాన్ని రాత్రికి సగటున 3.3 గంటలే వాడారన్నది కూడా అందులోనే ఉంది. గురక, పగటి మగత, మానసిక స్థితి మాత్రం మెరుగుపడ్డాయి. అమెరికా హృద్రోగ, పక్షవాత సంఘాలు 2021లో ఇచ్చిన సూచనల్లో కూడా భాష సంయమనంతోనే ఉంది: స్లీప్ ఆప్నియా ఉందేమో పరిశీలించవచ్చునని, ఉంటే గాలి ఒత్తిడి చికిత్స మేలు చేయగలదని. కాబట్టి మాస్కు పెడితే మళ్లీ పక్షవాతం రాదని ఎవరైనా హామీ ఇస్తే నమ్మవద్దు. నా వాదన అది కాదు. రాత్రంతా ఊపిరాడక నలిగిన మనిషి పగలు ఫిజియోథెరపీకి సహకరించలేడు. బీపీ మందులు పెంచుతూ పోవలసి వస్తుంది. దాని కారణం ఏమిటో తెలుసుకునే హక్కు అతనికి ఉంది.

సీప్యాప్ ఎందుకు మూడు గంటలకే మూలన పడుతుందో వార్డులో పనిచేసినవారికి తెలుసు. మూతి ఒక పక్కకు జారినవారికి మాస్కు అతకదు, గాలి కంట్లోకి కొడుతుంది. ఒంటి చేత్తో పట్టీలు బిగించుకోలేరు, అర్ధరాత్రి వాంతి వస్తే తీసుకోలేరు. ముక్కు ముందే మూసుకుపోయి ఉంటే ఎంత మంచి యంత్రమైనా భరించలేరు. మొదట గొంతును, ముక్కును చూడాలని నేను పట్టుబట్టడానికి ఇది కూడా కారణం. వెల్లకిలా పడుకున్నప్పుడే గొంతు మూసుకుంటోందని తేలితే వీపు వెనక దిండు పెట్టి పక్కకు తిప్పి పడుకోబెట్టడం, తలవైపు మంచం కాస్త ఎత్తడం కొందరికి గణనీయమైన ఉపశమనం ఇస్తాయి. తలను ఎత్తితే మెదడుకు రక్తం తగ్గుతుందేమోనన్న శంక వైద్యుల్లో చాలాకాలం ఉండేది. భారతదేశం కూడా పాలుపంచుకున్న 2017 నాటి హెడ్‌పోస్ట్ అధ్యయనంలో 11 వేల మందికి పైగా రోగులను చూసినప్పుడు తొలి 24 గంటలు చదునుగా పడుకోబెట్టడానికీ 30 డిగ్రీలు ఎత్తి పడుకోబెట్టడానికీ మధ్య వైకల్యంలో తేడా కనిపించలేదు. నిద్ర పట్టడం లేదని ఇంటివాళ్లు అడగగానే రాసిచ్చే నిద్రమాత్రలు గొంతు కండరాలను ఇంకా సడలిస్తాయి. అవి రాసే ముందు గొంతు పరీక్ష తప్పనిసరి.

ఇక మన నగరం. అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా, కోఠిలో ఈఎన్‌టీ, ఎర్రగడ్డలో ఛాతీ ఆసుపత్రి, ఈ మూడూ ఒకే ఉస్మానియా మెడికల్ కాలేజీకి అనుబంధంగా ఉన్నవే. ఒక్కొక్కచోటా నిపుణులున్నారు. కానీ పక్షవాతం, గొంతు, ఊపిరి అనే మూడు విషయాలు ఒకే శరీరంలో ఉన్న రోగికి ఈ మూడు చోట్ల మధ్య తిరగడం ఎలా సాధ్యం? కోఠి నుంచి ఎర్రగడ్డకు ఇప్పుడు మెట్రోలో నేరుగా వెళ్లవచ్చు నిజమే, అది నడవగలిగినవాడికి. రోగి తిరగడానికి బదులు వైద్యుడు తిరగాలి. వారానికి ఒక పూట ఈఎన్‌టీ వైద్యుడొకరు, పల్మనాలజిస్టు (ఊపిరితిత్తుల వైద్యుడు) ఒకరు న్యూరో వార్డుకు వచ్చి మంచాల దగ్గరే చూసే ఏర్పాటుకు కొత్త భవనం అక్కర్లేదు, కొత్త పోస్టు అక్కర్లేదు. ఒక సన్నని స్కోపు, రెండు పోర్టబుల్ నిద్ర పరీక్ష యంత్రాలు చాలు. 2023 డిసెంబరులో ఆరోగ్యశ్రీ పరిమితిని రూ. 10 లక్షలకు పెంచిన రాష్ట్ర ప్రభుత్వానికి, పక్షవాత చికిత్సలో భాగంగానే ఈ పరీక్షను చేర్చి, అవసరమని తేలిన పేదలకు సీప్యాప్ యంత్రాన్ని అద్దె పద్ధతిలో ఇవ్వడం మోయలేని భారమేమీ కాదు. యంత్రాన్ని కొనిచ్చేకన్నా అద్దెకివ్వడం మేలని నా అభిప్రాయం. మూడు నెలల తరువాత మళ్లీ పరీక్షిస్తే కొందరికి దాని అవసరం ఉండకపోవచ్చు, కొందరు వాడకుండా అటక మీద పెట్టి ఉండవచ్చు.

డిశ్చార్జ్ సమ్మరీలో నాలుగు విషయాలు తప్పనిసరి చేయాలని ఆరోగ్యశాఖను కోరుతున్నాను: మెడ చుట్టుకొలత, ముక్కు గొంతు పరీక్షలో కనిపించినది, నిద్ర పరీక్ష చేశారా లేదా, చేస్తే అడ్డు గొంతులోనా మెదడు ఆజ్ఞలోనా. చేయకపోతే చేయలేదని రాయాలి. ఖాళీ వదిలేసిన గడిని చూసి, తరువాతి వైద్యుడు అంతా బాగుందని అనుకునే అలవాటు మన దగ్గర ఉంది.

ఇంటివారు కూడా ఒక పని చేయగలరు. రోగి నిద్రపోతున్నప్పుడు, నోరూ ఛాతీ రెండూ కనిపించేలా, దుప్పటి కాస్త కిందికి జరిపి, ఫోనులో రెండు మూడు నిమిషాల వీడియో తీయాలి. గురక ఆగిన సమయంలో ఛాతీ, పొట్ట ఎగసిపడుతున్నాయా, కదలకుండా ఉన్నాయా అన్నది అందులో ఉంటుంది. పక్కకు పడుకున్నప్పుడు మరొకటి తీస్తే ఇంకా మంచిది. దాన్ని చూసి మీరే నిర్ణయానికి రావద్దు, బంధువుల గ్రూపుల్లో పంపవద్దు. మరునాడు రౌండ్‌కు వచ్చే డాక్టరుకు చూపించండి. రోగిని లేపినా సరిగా లేవకపోవడం, గొంతులో గరగరమని కఫం ఆడటం, పెదవులు నీలంగా మారడం కనిపిస్తే వీడియో మాట పక్కనపెట్టి వెంటనే నర్సును పిలవాలి. అది వేరే అత్యవసర పరిస్థితి.

మంచం దగ్గర గొంతు పరీక్ష చేయడం పుస్తకం చదివి రాదు, పక్కన నిలబడి చూస్తే వస్తుంది. పదవీ విరమణ చేసిన ఈఎన్‌టీ, మత్తు వైద్యులు ఈ నగరంలో చాలామంది ఉన్నాం. ఏ ప్రభుత్వ ఆసుపత్రి న్యూరో విభాగమైనా వారానికి ఒక పూట పిలిస్తే, పీజీ విద్యార్థులకు దగ్గరుండి చూపించడానికి నేను రాగలను, పారితోషికం అక్కర్లేదు. నా చిరునామా మీ కార్యాలయంలో ఉంది, అడిగినవారికి ఇవ్వవచ్చు.

భవదీయుడు,
విశ్రాంత ఈఎన్‌టీ వైద్యుడు,
హైదరాబాద్.